గ్రహాంతరవాసులు ఉండొచ్చు, మరి మాట కలుస్తుందా?

2025 జులైలో 3ఐ అట్లాస్ అనే తోకచుక్క వేరే నక్షత్రాల వైపు నుంచి మన సౌరకుటుంబంలోకి వస్తోందని తేలిన దగ్గర్నుంచి ఆ ఏడాది ఆఖరిదాకా తెలుగు యూట్యూబ్‌లో ఒకటే గోల. అది ఏలియన్ల నౌక అని, దారి మార్చుకుందని, నాసా నిజం దాస్తోందని. విశాఖ బీచ్ రోడ్డులో మొక్కజొన్న పొత్తులు తింటూ కబుర్లాడుకునే కుర్రాళ్ల దగ్గర్నుంచి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల దాకా అదే టాపిక్. చివరికి అది మామూలు తోకచుక్కేనని శాస్త్రవేత్తలు తేల్చారు. భూమికి బాగా దగ్గరగా వచ్చిన డిసెంబరు 19న కూడా అది దాదాపు 27 కోట్ల కిలోమీటర్ల అవతలే ఉంది, అంటే సూర్యుడి కంటే దూరం. గోల సద్దుమణిగింది. కానీ ఆ గోల వెనకున్న ప్రశ్న చాలా మంచి ప్రశ్న, దాన్ని థంబ్‌నెయిళ్లకు వదిలేయడం అన్యాయం.

నిజానికి అక్కడున్నవి రెండు ప్రశ్నలు. విశ్వంలో ఇంకెక్కడైనా తెలివైన జీవులు ఉన్నారా అనేది ఒకటి. రెండు నాగరికతలు ఉంటే, ఒకరి సంగతి ఒకరికి తెలిసే అవకాశం, ఒకరి మాట ఒకరికి అందే అవకాశం ఎంత అనేది రెండోది. మొదటిదానికి అవునని జవాబొస్తే రెండోది దానంతటదే తేలిపోతుందని చాలామంది అనుకుంటారు, సినిమాలు మనకు అలా అలవాటు చేశాయి. లెక్కలోకి దిగితే మాత్రం ఈ రెండింటి మధ్య పెద్ద అగాధం కనిపిస్తుంది. ఆకాశంలో ఎన్ని కోట్ల నక్షత్రాలున్నా, రెండో ప్రశ్నను తేల్చేది ఒక నాగరికత ఎంతకాలం నిలబడుతుంది, అందులో ఎంతకాలం బయటికి వినిపించేలా ఉంటుంది అన్నదే. ఈ వ్యాసం అంతా దాని గురించే.

ముందు మంచి వార్త. సూర్యుడి లాంటి నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహాన్ని మొదటిసారి కనిపెట్టింది 1995లో, మిషెల్ మేయర్, డిడియర్ క్వెలోజ్ అనే ఇద్దరు ఖగోళ శాస్త్రవేత్తలు. వాళ్లకు 2019లో నోబెల్ వచ్చింది. అక్కడి నుంచి 30 ఏళ్లలో, అన్ని రకాల నక్షత్రాల చుట్టూ తిరుగుతున్నట్టు రుజువైన గ్రహాల సంఖ్య 6,000 దాటింది. నాసా కెప్లర్ అంతరిక్ష టెలిస్కోప్ ఇచ్చిన సమాచారం మీద 2020లో వేసిన అంచనా ప్రకారం, నీళ్లు నీళ్లుగా నిలవగలిగే దూరంలో ఉన్న రాతి గ్రహాలు ఒక్క మన గెలాక్సీ పాలపుంతలోనే కనీసం 30 కోట్లు ఉండొచ్చు, అదీ సూర్యుడి లాంటి నక్షత్రాల చుట్టూ ఉన్నవే లెక్కేస్తే. పాలపుంతలో నక్షత్రాలు 10,000 కోట్ల నుంచి 40,000 కోట్ల దాకా ఉంటాయి. కాబట్టి చోటు లేక జీవం పుట్టలేదు అనే వాదన ఇక నిలవదు.

చోటు ఉండటం వేరు, అక్కడ రేడియో తయారుచేసేవాళ్లు పుట్టడం వేరు. దీనికి విశాఖ కొండలే సాక్ష్యం. కైలాసగిరి, సింహాచలం కొండల్లో ఉండే ఖోండలైట్ రాయి సుమారు 100 కోట్ల ఏళ్ల కింద భూమి లోతుల్లో విపరీతమైన వేడికి, ఒత్తిడికి మారి తయారైంది. ఆ రాయి తయారవుతున్న కాలానికే భూమి మీద జీవం పుట్టి 250 కోట్ల ఏళ్లు దాటిపోయింది, అయినా అప్పటికి సముద్రంలో సూక్ష్మజీవులు, కాస్త నాచు లాంటివి తప్ప ఇంకేమీ లేవు. జంతువులు వచ్చింది దాదాపు 60 కోట్ల ఏళ్ల కింద. మన జాతి వచ్చి 3 లక్షల ఏళ్లు. రేడియో వచ్చి 130 ఏళ్లు. జీవం తొందరగానే పుట్టింది కానీ, ఒంటరి కణం నుంచి సంక్లిష్టమైన కణం రావడానికి 150 కోట్ల ఏళ్లకు పైగా పట్టింది. ఆ మెట్టు ఎక్కడం అంత కష్టమా, లేక భూమి మీద మాత్రమే అంత ఆలస్యమైందా? మన దగ్గర ఉన్నది ఒకే ఒక్క ఉదాహరణ కాబట్టి ఇక్కడ ఎవరు ఎంత ధీమాగా మాట్లాడినా అది ఊహే.

తెలివి రావడం కూడా తప్పనిసరి కాదు. ఆర్కే బీచ్‌లో, జోడుగుళ్లపాలెం దగ్గర ఏటా గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్ల వంశం 10 కోట్ల ఏళ్లకు పైగా సముద్రాల్లో హాయిగా బతికేస్తోంది, పెద్ద మెదడు అవసరం దానికి ఎప్పుడూ పడలేదు. డాల్ఫిన్ల సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది, వాటికి పెద్ద మెదడు ఉంది, ఒకదాన్నొకటి గుర్తుపట్టే ఈల శబ్దాలున్నాయి, గుంపుగా వేటాడతాయి, కానీ చేతుల్లేవు, నిప్పు లేదు, లోహం లేదు. 1961లో అమెరికాలోని గ్రీన్ బ్యాంక్‌లో ఫ్రాంక్ డ్రేక్ అనే ఖగోళ శాస్త్రవేత్త గ్రహాంతర నాగరికతల గురించి ఏర్పాటుచేసిన చిన్న సమావేశంలో డాల్ఫిన్ల భాష మీద పనిచేస్తున్న శాస్త్రవేత్త కూడా ఉన్నాడు, ఆ చర్చ అందరికీ ఎంత నచ్చిందంటే వాళ్లు తమ బృందానికి డాల్ఫిన్ పేరే పెట్టుకున్నారు. డాల్ఫిన్స్ నోస్ కొండను రోజూ చూసే ఊరివాళ్లకు ఈ సంగతి నచ్చుతుంది.

ఆ సమావేశం కోసమే డ్రేక్ తన ప్రసిద్ధ సమీకరణం రాశాడు. ఏటా పుట్టే నక్షత్రాల సంఖ్యను, వాటిలో గ్రహాలున్న వాటా, ఒక్కో నక్షత్రానికి జీవానికి అనువైన గ్రహాలెన్ని, వాటిలో జీవం పుట్టేవి, తెలివి వచ్చేవి, బయటికి వినిపించే టెక్నాలజీ దాకా వెళ్లేవి, ఇలా వరసగా గుణించుకుంటూ పోయి చివర్లో ఆ నాగరికత ఎంతకాలం మాట్లాడుతుందో ఆ ఏళ్లతో గుణించాలి. మొదటి మూడు అంకెలు ఇప్పుడు బాగానే తెలుసు. మధ్యలో మూడు తెలియవు. చివరిదే అన్నిటికంటే బరువైనది, దాని దగ్గరికి మళ్లీ వద్దాం, ముందు దూరం సంగతి చూడాలి.

మనవాళ్లకు నక్షత్రాల పేర్లు కార్తెల పుణ్యమా అని బాగా తెలుసు, కాబట్టి వాటితోనే కొలుద్దాం. కాంతి ఒక ఏడాదిలో పోయే దూరమే ఒక కాంతి సంవత్సరం, రేడియో సిగ్నల్ కూడా అదే వేగంతో పోతుంది. శ్రవణం నక్షత్రం మన నుంచి 17 కాంతి సంవత్సరాల దూరం, అంటే ఇప్పుడు మనం ఒక ప్రశ్న పంపితే జవాబు రావడానికి 34 ఏళ్లు. అభిజిత్ 25, స్వాతి 37, రోహిణి 65. రోహిణి దూరంలో ఉన్నవాళ్లతో ఒక్క ప్రశ్న, ఒక్క జవాబు అయ్యేసరికి 130 ఏళ్లు, రేడియో చరిత్ర మొత్తం అంతే ఉంది. చిత్త నక్షత్రం సుమారు 250 కాంతి సంవత్సరాలు. శ్రీకృష్ణదేవరాయలు 1516లో సింహాచలం వచ్చాడని అక్కడి శాసనాలు చెబుతున్నాయి, ఆయన ఆ రోజే చిత్త దూరానికి ఒక సందేశం పంపి ఉంటే దానికి జవాబు 2016 ప్రాంతంలో వచ్చేది, అదీ అవతలివాళ్లు ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా జవాబిస్తే. ఇవన్నీ మనకు కళ్లతో కనిపించే నక్షత్రాలు, అంటే ఇరుగుపొరుగు. పాలపుంత ఈ చివరి నుంచి ఆ చివరికి లక్ష కాంతి సంవత్సరాలు. పక్క గెలాక్సీ ఆండ్రోమెడా 25 లక్షలు. అందుకే ఇతర గెలాక్సీలతో మాట కలపడం గురించి ఇక్కడ మాట్లాడనవసరం లేదు, అది ఆచరణలో సున్నా.

మాట ఆలస్యమైతే మనిషే వెళ్లొచ్చు కదా అంటారు. 1977లో బయల్దేరిన నాసా నౌక వాయేజర్ 1 సెకనుకు 17 కిలోమీటర్ల వేగంతో పోతోంది, విశాఖ నుంచి హైదరాబాద్ దూరం దానికి 40 సెకన్ల పని. ఆ వేగంతో మనకు అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారి దూరం, 4.24 కాంతి సంవత్సరాలు, దాటడానికి సుమారు 75,000 ఏళ్లు కావాలి. వేగం పెంచితే ఎంత ఖర్చవుతుందో చూద్దాం. ఒక టన్ను బరువును, కేవలం ఒక్క టన్నును, కాంతి వేగంలో పదో వంతుకు తీసుకెళ్లాలంటే సుమారు 12,500 కోట్ల యూనిట్ల కరెంటుకు సమానమైన శక్తి కావాలి. పరవాడ దగ్గరున్న సింహాద్రి థర్మల్ ప్లాంటు సామర్థ్యం 2,000 మెగావాట్లు. అది ఒక్క రోజు కూడా ఆగకుండా పూర్తి సామర్థ్యంతో నడిస్తే ఏడేళ్లకు పైగా చేసే ఉత్పత్తి అది. ఆ శక్తిలో ఒక్క యూనిట్ కూడా వృథా కాకుండా మొత్తం నౌకకే అందుతుందనుకుంటేనే ఈ లెక్క. అక్కడికి చేరాక ఆగాలంటే మళ్లీ అంత. ఒక టన్నులో మనుషులూ, వాళ్లకు 42 ఏళ్ల తిండీ పట్టవు. ప్రకృతి నియమాలు దీన్ని అడ్డుకోవు, నిజమే, కానీ ఊరికే చూసిపోదామని ఎవరూ రారు. అందుకే పొలాల మీద తిరిగే ఎగిరే పళ్లేల కథలు ఎన్ని విన్నా, కలయిక అంటూ జరిగితే అది సిగ్నల్ రూపంలోనే జరిగే అవకాశం ఎన్నో రెట్లు ఎక్కువ.

మరి సిగ్నల్ సంగతి? మనం ఇన్నేళ్లుగా రేడియో, టీవీ ప్రసారాలు చేస్తున్నాం కదా, అవన్నీ అంతరిక్షంలోకి పోయి ఎవరికో వినిపిస్తూనే ఉంటాయన్న నమ్మకం చాలామందికి ఉంది. అందులో సగమే నిజం. ఆకాశవాణి విశాఖపట్నం మీడియం వేవ్ ప్రసారాలు పైకి పోయి అయనోస్పియర్ అనే పొర దగ్గర చాలావరకు ఆగిపోతాయి, రాత్రిపూట అదే పొర తిప్పికొట్టడం వల్లే దూరపు స్టేషన్లు మనకు వినిపిస్తాయి. ఎఫ్ఎం, టీవీ తరంగాలు ఆ పొరను దాటుకుని బయటికి వెళ్తాయి, కైలాసగిరి మీదున్న వాతావరణ శాఖ డాప్లర్ రాడార్ తరంగాలూ వెళ్తాయి. కానీ వెళ్లడం వేరు, వినిపించడం వేరు. దూరం రెట్టింపైతే బలం నాలుగో వంతుకు పడిపోతుంది, పది రెట్లయితే నూరో వంతుకు. మన దగ్గర ఇప్పుడున్న టెలిస్కోపుల్లాంటివే అవతలివాళ్ల దగ్గరా ఉంటే భూమి వాళ్లకు ఎంత దూరం నుంచి తెలుస్తుందని 2025లో ఒక బృందం లెక్కేసింది. ప్యూర్టోరికోలోని అరెసిబో రేడియో టెలిస్కోపు గ్రహాల మీదికి పంపిన రాడార్ కిరణమైతే 12,000 కాంతి సంవత్సరాల దాకా తెలుస్తుందట. ప్రపంచంలోని మొబైల్ టవర్లన్నీ కలిసి చేసే సందడి మాత్రం 4 కాంతి సంవత్సరాల దాకానే, అంటే ప్రాక్సిమాకు కూడా చేరదు.

ఇంకో సంగతి, ఆ అరెసిబో ఇప్పుడు లేదు. 1963లో మొదలై 2020 డిసెంబరు 1న కూలిపోయింది. భూమికి ఉన్న అతి పెద్ద గొంతు 57 ఏళ్లు పలికి ఆగిపోయింది, పైగా అది పలికినంతకాలం కూడా ఆ కిరణం ఒక సన్నటి గీతలా ఎటు తిప్పితే అటే పోయింది, ఆ గీతలో పడనివాళ్లకు మనం లేనట్టే. మిగతా చోట్ల కూడా మనం రోజురోజుకీ నిశ్శబ్దమవుతున్నాం. దూరదర్శన్ పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లు చాలావరకు మూతపడ్డాయి, సినిమాలూ వీడియో కాల్సూ ఇప్పుడు ఫైబర్ కేబుల్లో ప్రయాణిస్తున్నాయి. టెక్నాలజీ పెరిగితే శబ్దం పెరుగుతుందనుకుంటాం కానీ, పొదుపు నేర్చిన టెక్నాలజీ బయటికి తక్కువ వినిపిస్తుంది. మనకంటే వెయ్యేళ్లు ముందున్నవాళ్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటారో!

అసలు రేడియో కనిపెట్టే అవకాశమే లేని తెలివైనవాళ్లు కూడా ఉండొచ్చు. ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మామూలు రేడియో తరంగాలు ఉప్పునీళ్లలో కొన్ని అడుగులు కూడా దాటలేవు, అందుకే సబ్‌మెరైన్ మామూలు రేడియోలో మాట్లాడాలంటే ఏంటెనాను నీటి పైకి తేవాల్సిందే. మన సౌరకుటుంబంలో గురుడి చందమామ యూరోపా, శని చందమామ ఎన్సెలాడస్ లాంటి చోట్ల మంచు పెంకు కింద పెద్ద సముద్రాలున్నాయి. ఎన్సెలాడస్ చిమ్మే మంచు రేణువుల్లో జీవానికి కావాల్సిన ఫాస్ఫరస్ కూడా ఉందని 2023లో తేలింది. యూరోపాను చూడటానికి 2024 అక్టోబరులో బయల్దేరిన క్లిప్పర్ నౌక 2030లో గురుడిని చేరుతుంది. విశ్వంలో జీవం ఎక్కువగా ఇలాంటి మూతపడ్డ సముద్రాల్లోనే ఉంటే, అక్కడ ఎంత తెలివైనవాళ్లున్నా వాళ్లకు ఆకాశమే కనిపించదు, నక్షత్రాలున్నాయనే తెలియదు, మనం ఎంత గట్టిగా పిలిచినా వినిపించదు.

ఇప్పుడు కాలం దగ్గరికి వద్దాం, అసలు విషయం ఇదే. ఒక లెక్క వేసి చూద్దాం. పాలపుంతలో సగటున ప్రతి 1,000 ఏళ్లకు ఒక కొత్త రేడియో నాగరికత పుడుతోందనుకుందాం. ఇది పూర్తిగా ఊహే, నిజం దీనికి ఎటువైపైనా చాలా దూరంగా ఉండొచ్చు, అయినా లెక్క తీరు అర్థం కావడానికి ఇది చాలు. ఒక్కో నాగరికత 1,000 ఏళ్లు మాట్లాడి ఆగిపోతే ఏ సమయంలో చూసినా గెలాక్సీ మొత్తానికి సగటున ఒక్కటే ఉంటుంది, దానికి మాట్లాడటానికి ఎవరూ ఉండరు. 10,000 ఏళ్లు నిలిస్తే ఒకేసారి 10 ఉంటాయి, కానీ అంత పెద్ద గెలాక్సీలో పది అంటే ఒక్కోదానికి అతి దగ్గరి పొరుగు కూడా సగటున సుమారు 14,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉంటుంది. ప్రశ్నకు జవాబు రావడానికి 28,000 ఏళ్లు, అడిగినవాళ్లు ఎప్పుడో పోయుంటారు. లక్ష ఏళ్లు నిలిస్తే ఒకేసారి 100 ఉంటాయి, దగ్గరి పొరుగు 4,500 కాంతి సంవత్సరాల దూరంలో, జవాబుకు 9,000 ఏళ్లు, అప్పుడు మాట కలుస్తుంది. ఈ రెండింటి మధ్య ఎక్కడో, సుమారు 20,000 ఏళ్ల దగ్గర, ఒక గడప ఉంది. దాని కింద ఉంటే గెలాక్సీ నిండా నాగరికతలు పుడుతూ పోతూ ఉన్నా ఎవరికీ ఎవరితోనూ సంభాషణ ఉండదు. దాటితే ఉంటుంది. పుట్టుక రేటు మారిస్తే ఆ గడప అటూ ఇటూ జరుగుతుంది కానీ, మాయమైపోదు.

2020లో నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం వాళ్లు పాలపుంతలో కనీసం 36 నాగరికతలు మాట్లాడుతూ ఉండొచ్చని లెక్కేస్తే పేపర్లన్నీ ఆ 36ని పట్టుకుని పండగ చేసుకున్నాయి. ఆ లెక్కలోనే ఇంకో రెండు అంకెలున్నాయి, వాటిని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఒక్కో నాగరికత 100 ఏళ్లు సిగ్నల్స్ పంపుతుందని ఊహించారు, అతి దగ్గరిది సుమారు 17,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉండొచ్చని వచ్చింది. 100 ఏళ్లు బతికేవాళ్లు 34,000 ఏళ్ల తర్వాత వచ్చే జవాబు వినలేరు కదా. అంటే ఆ లెక్క నిజమైతే 36 మందీ ఒకే గెలాక్సీలో ఉంటూ, ఒకరికొకరు లేనట్టే బతికి పోతారు.

నాగరికత నిలవడం అంటే జాతి అంతరించకపోవడం మాత్రమే కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విశాఖలో ఎంతమంది బతికి బట్టకట్టినా కరెంటు లేదు, సెల్ టవర్లు లేవు, రోజుల తరబడి ఊరు బయటి ప్రపంచానికి వినిపించలేదు. ఒక గ్రహం కూడా అలాగే యుద్ధంతోనో, వాతావరణం పాడైపోయో, లేదా కేవలం ఆసక్తి పోయో మాట్లాడటం మానేయొచ్చు. జనం ఉంటారు, పంటలు పండుతాయి, పాటలు ఉంటాయి, బయటికి మాత్రం ఏమీ వినిపించదు. డ్రేక్ సమీకరణంలోని ఆ చివరి అంకె దీన్నే కొలుస్తుంది, నాగరికత ఆయుష్షును కాదు.

ఇంత నిరాశలోనూ ఒక దారి ఉంది, అన్నిటికంటే నమ్మదగ్గ దారి అదేననిపిస్తుంది. సంభాషణకు ఇద్దరూ బతికి ఉండాలి, వినడానికి ఒక్కరు చాలు. సిగ్నల్ పంపినవాళ్లు పోయినా సిగ్నల్ ప్రయాణిస్తూనే ఉంటుంది. డ్రేక్ కూడా పాలుపంచుకున్న 2018 నాటి ఒక పరిశోధన ఇదే చెప్పింది, నాగరికతలు లక్ష ఏళ్ల కంటే తక్కువే మాట్లాడతాయనుకుంటే, మనకు ఏ రోజైనా ఒక సిగ్నల్ అందితే అది దాదాపుగా అప్పటికే లేనివాళ్లదై ఉంటుంది. భీమిలి దారిలో ఉన్న తొట్లకొండనే తీసుకోండి. రెండు వేల ఏళ్ల కింద అక్కడ బౌద్ధ భిక్షువులు ఉండేవాళ్లు, సముద్ర వ్యాపారం నడిచేది, తవ్వకాల్లో రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. తర్వాత ఆ చోటు మరుగునపడింది, 1970ల్లో నౌకాదళం స్థావరం కోసం చేసిన ఏరియల్ సర్వేలో మళ్లీ బయటపడింది. ఆ భిక్షువులతో ఎవరూ మాట్లాడలేరు, అయినా వాళ్లు ఏం తవ్వుకున్నారో, నీళ్లు ఎలా నిలవచేసుకున్నారో, ఎవరితో వ్యాపారం చేశారో తెలుసు. గ్రహాంతరవాసులతో మన పరిచయం కూడా ఇలాగే, పురావస్తు శాస్త్రంలా ఉండే అవకాశమే ఎక్కువ.

అందుకే ఇప్పుడు వెతుకులాట ఒక్క రేడియోతో ఆగడం లేదు. నక్షత్రం చుట్టూ శక్తి కోసం పెద్ద నిర్మాణాలు కట్టి ఉంటే వాటి వేడి కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కాంతిలో తెలుస్తుంది, 2024లో ఒక బృందం 50 లక్షల నక్షత్రాలను జల్లెడ పట్టి 7 అనుమానాస్పదమైనవి బయటికి తీసింది, వాటిలో కొన్నింటి వెనక దూరపు గెలాక్సీలున్నాయని, వేడి అక్కడిదే కావొచ్చని తర్వాత తేలింది. గ్రహాల గాలిలో జీవం ఆనవాళ్ల కోసం వేట ఇంకా జోరుగా ఉంది. కేంబ్రిడ్జ్‌లో పనిచేసే మన దేశానికి చెందిన నిక్కు మధుసూదన్ బృందం 2025 ఏప్రిల్‌లో, 124 కాంతి సంవత్సరాల దూరంలోని కే2-18బి గ్రహం మీద, భూమి మీదైతే సముద్ర జీవులు విడుదల చేసే ఒక వాయువు జాడ కనిపించిందని ప్రకటించింది. అదే సమాచారాన్ని మళ్లీ విశ్లేషించిన ఇతర బృందాలు ఆ జాడ అంత బలంగా లేదన్నాయి. ఇలా తేల్చుకుంటూ పోవడమే సరైన పద్ధతి, ఇందులో ఎవరికీ అవమానం లేదు. మొదటి జవాబు ఇలా సూక్ష్మజీవుల రూపంలో వచ్చే అవకాశమే, మాట రూపంలో వచ్చే అవకాశం కంటే ఎక్కువ.

మరి ఇంతకాలం ఎవరూ ఎందుకు కనిపించలేదు? 1950లో భౌతిక శాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మి భోజనాల దగ్గర అడిగిన ప్రశ్న ఇది. గెలాక్సీకి 1,000 కోట్ల ఏళ్లకు పైగా వయసుంది, కాంతి వేగంలో పదో వంతుతో పోయినా దాన్ని ఒక చివరి నుంచి ఇంకో చివరికి 10 లక్షల ఏళ్లలో దాటొచ్చు, కాబట్టి విస్తరించాలనుకున్న జాతి ఒక్కటి ఉన్నా ఈపాటికి అంతటా ఉండాలి. 1975లో మైకేల్ హార్ట్ అనే శాస్త్రవేత్త ఇదే వాదన పట్టుకుని, వాళ్లు ఇక్కడ లేరు కాబట్టి ఎక్కడా లేరన్నాడు. వాదన బలమైనదే, ఒక్కరు చాలు అన్నచోటే దాని బలం ఉంది. దాని బలహీనత కూడా ఉంది. 10 కోట్ల ఏళ్ల కింద ఎవరైనా ఇక్కడికి వచ్చి వెళ్లి ఉంటే ఆ గుర్తులు ఈ రాళ్లలో, ఈ సముద్రం అడుగున మిగిలి ఉండే అవకాశం చాలా తక్కువ. నక్షత్రాలు కదులుతూ ఉంటాయి, వలసలు ఆగుతాయి, కూలిపోతాయి, ఆ ఖాళీల్లో ఒకదానిలో మనం ఉండొచ్చు.

మనం వెతికింది ఎంత అన్నది కూడా చూడాలి. సముద్రంలోంచి ఒక గ్లాసు నీళ్లు తీసి అందులో చేప లేదు కాబట్టి సముద్రంలో చేపల్లేవనడం లాంటిదని జిల్ టార్టర్ అన్నారు, ఆమె జీవితమంతా ఈ వెతుకులాటలోనే గడిపిన శాస్త్రవేత్త. 2018లో పెన్సిల్వేనియా పరిశోధకులు ఆ పోలికను సరిగ్గా లెక్కేశారు, దిశలు, ఫ్రీక్వెన్సీలు, సమయం, బలం అన్నీ కలిపి చూస్తే అప్పటిదాకా వెతికింది ఆ మహాసముద్రాల్లో సుమారు 7,700 లీటర్లు, ఒక చిన్న ట్యాంకర్ నీళ్లు. 1977 ఆగస్టు 15న ఒహాయోలోని టెలిస్కోపుకు 72 సెకన్ల పాటు అందిన, వావ్ సిగ్నల్ అని పేరుపడ్డ బలమైన రేడియో సిగ్నల్ మళ్లీ ఎప్పుడూ వినిపించలేదు. 2019లో ప్రాక్సిమా వైపు నుంచి వచ్చినట్టు కనిపించిన ఇంకో సిగ్నల్ మన పరికరాల గోలేనని 2021లో తేల్చారు. కాబట్టి ఈ నిశ్శబ్దం ఏమీ లేదనడానికి రుజువు కాదు.

అలాగని ఉన్నారనడానికీ కాదు. 2018లో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన ముగ్గురు డ్రేక్ సమీకరణంలో ఒక్కో అంశానికి ఒక్కో అంకె పెట్టకుండా, మనకున్న అనుమానమంతా లెక్కలోకి తీసుకుని చూశారు. మన గెలాక్సీలో మనం ఒంటరిగా ఉండే అవకాశం 53 నుంచి 99.6 శాతం మధ్య వచ్చింది, కనిపించే విశ్వం మొత్తంలో 39 నుంచి 85 శాతం. ఇన్ని కోట్ల నక్షత్రాలుంటే ఎక్కడో ఒకచోట ఉండరా అనే మాట మనసుకు బాగుంటుంది కానీ, జీవం పుట్టే అవకాశం ఎంత చిన్నదో తెలియనంతవరకు ఆ కోట్లకు బరువు లేదు.

మనం పంపినవి కూడా ఉన్నాయి. వాయేజర్ నౌకలో భూమి గుర్తుగా పెట్టిన బంగారు రికార్డులో 55 భాషల పలకరింపుల్లో తెలుగు ఒకటి, తెలుగు మాట్లాడే జనం తరఫున శుభాకాంక్షలు ఆ నౌకతో పాటు సౌరకుటుంబం అంచు దాటి పోతున్నాయి. 1974లో అరెసిబో నుంచి 1,679 బిట్ల సందేశం ఎం13 అనే నక్షత్ర గుంపు వైపు పంపారు, అది చేరడానికే సుమారు 25,000 ఏళ్లు. ఇలా అరవడం ప్రమాదమని స్టీఫెన్ హాకింగ్ హెచ్చరించాడు. పైన చెప్పిన దూరాలు చూస్తే దండెత్తి వస్తారన్న భయం అతిగా ఉందనిపిస్తుంది, అయితే మొత్తం భూమి తరఫున మాట్లాడే హక్కు ఒక టెలిస్కోపు కమిటీకి ఉందా అన్న ప్రశ్న మాత్రం న్యాయమైనదే. సిగ్నల్ దొరికితే ఇంకో టెలిస్కోపుతో సరిచూసుకోవాలి, అందరికీ చెప్పాలి, అంతర్జాతీయ సంప్రదింపులు లేకుండా జవాబివ్వకూడదు అని 1989లోనే శాస్త్రవేత్తలు నియమాలు రాసుకున్నారు. కాబట్టి ఏదో ఒక సంస్థ దాచేస్తుందన్న అనుమానానికి పెద్దగా ఆధారం లేదు, సరిచూడాలంటేనే వేరే దేశాల టెలిస్కోపులకు చెప్పాలి.

ఇక ముందు చూడాల్సింది ఎస్‌కేఏ, అంటే స్క్వేర్ కిలోమీటర్ అర్రే అనే రేడియో టెలిస్కోప్. దక్షిణాఫ్రికాలో డిష్‌లు, పశ్చిమ ఆస్ట్రేలియాలో లక్షా 31 వేల ఏంటెనాలతో కడుతున్నారు, పుణె దగ్గర 30 డిష్‌ల జీఎంఆర్‌టీ అనే రేడియో టెలిస్కోపును నడిపిన అనుభవంతో మన దేశం కూడా 1,250 కోట్ల రూపాయలతో ఇందులో చేరింది. ఇది పూర్తయితే పదుల కాంతి సంవత్సరాల దూరంలోని గ్రహం మీద మన విమానాశ్రయాల్లో ఉండే రాడార్ లాంటిది తిరుగుతున్నా పట్టుకోగలదు, అంటే కావాలని మనల్ని పిలవనక్కర్లేదు, వాళ్ల పని వాళ్లు చేసుకుంటూ పోయినా మనకు తెలుస్తుంది. 50 కాంతి సంవత్సరాల లోపల ఉన్నవి సుమారు 1,400 నక్షత్ర వ్యవస్థలు. గెలాక్సీలోని వేల కోట్లతో పోలిస్తే ఇది ఏ మూలకూ రాదు, అందులో ఒకటి సరిగ్గా ఇదే శతాబ్దంలో రాడార్ వాడుతూ ఉండే అవకాశం చాలా చాలా తక్కువ. ఒకవేళ అంత దగ్గర్లో ఒక్కటి దొరికినా దాని అర్థం మాత్రం చిన్నది కాదు, ఇంత చిన్న ప్రాంతంలో, ఒకే సమయంలో రెండు నాగరికతలు ఉన్నాయంటే, నాగరికతలు 20,000 ఏళ్ల గడప దాటి చాలాకాలం నిలుస్తాయనైనా అనుకోవాలి, లేదా అవి మనం ఊహించినదానికంటే ఎంతో తరచుగా పుడుతున్నాయనైనా అనుకోవాలి.